ఆకలి పాపమా?

కెనడా ఉత్తరాన యూకాన్ అడవులలో మార్చి నెల వచ్చినా నేలంతా మంచే. కాని పగలు పొడుగవుతూ ఉంటుంది. ఆ వెలుగును అనుసరించి అక్కడి స్నోషూ కుందేలు తెల్లని బొచ్చు విడిచి గోధుమవన్నె బొచ్చు ధరిస్తుంది. మంచు ఇంకా కరగకపోతే, తెల్లని నేలపై అది దూరానికే కనబడుతుంది. దానికోసం పొంచి ఉండేది లింక్స్ అనే అడవిపిల్లి. చెవుల కొనలకు నల్లని కుచ్చులు, మంచులో దిగబడని వెడల్పైన పాదాలు దాని గుర్తులు.

కుందేలుపై మనకు జాలి కలుగుతుంది. లింక్స్‌ను క్రూరమృగం అంటాము. ఈ తీర్పు ధర్మమేనా?

శిబి చక్రవర్తి కథలో పావురాన్ని కాపాడిన దయనే మనం పిల్లలకు చెబుతాము. తన ఆహారాన్ని తప్పించడం అధర్మం కాదా అని డేగ వేసిన ప్రశ్నను మరచిపోతాము. శిబి ఆ ప్రశ్నను తోసివేయలేదు. కనుకనే తన మాంసాన్ని కోసి ఇచ్చాడు.

లింక్స్ బ్రతుకు ముఖ్యంగా ఈ కుందేలుపైనే ఆధారపడింది. కుందేళ్ళ సంఖ్య సుమారు 10 ఏండ్లకు ఒకసారి పెరిగి పడిపోతుంది. ఒకటి రెండేండ్లలో లింక్స్‌ల సంఖ్యా పడిపోతుంది. కరువు ఏట వాటికి పిల్లలు పుట్టడమే అరుదు, పుట్టినవి బ్రతకడం మరీ అరుదు. చంపే ప్రాణి కూడా ఆకలికి చచ్చే ప్రాణియే. వేరే దారి ఎంచుకొనే వివేకం లేనిచోట పాపమనే మాటకు తావు లేదు.

ఈ లెక్క లోకానికి తెలిసింది హడ్సన్స్ బే కంపెనీ తోళ్ళ పద్దుల వలన. వాటిని పరిశీలించి చార్లెస్ ఎల్టన్, మేరీ నికల్సన్ 1942లో ఈ పదేండ్ల చక్రాన్ని వివరించారు. ఆ పద్దులో లింక్స్ ప్రాణి కాదు, ఒక తోలు మాత్రమే. అటువంటి పద్దు మనకు కొత్త కాదు. 1860 నుండి ఒప్పందంపై నేటాలుకు వచ్చిన మన పెద్దలకు కూడా ఓడ జాబితాలలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య వేశారు. వారిలో ఎందరో ఆకలి వలననే ఓడ ఎక్కారు. ఉచ్చు పన్నిన వేటగానికి కూడా ఇంట ఆకలి ఉండి ఉంటుంది. పద్దు వ్రాసుకున్న వ్యాపారానికి మాత్రం ఎంచుకొనే అవకాశం ఉండెను. ఆకలికి కడుపు ఉంది, ఎంత తిన్నా ఒకచోట నిండుతుంది. లాభానికి కడుపు లేదు.

కుందేలుపై జాలి తప్పు కాదు. ఆ జాలితో లింక్స్‌ను దోషిగా నిలబెట్టడమే తప్పు. మన పిల్లలకు మంచి జంతువు, చెడ్డ జంతువు అని నేర్పడం మాని, ప్రతి హింస ముందు ఒక ప్రశ్న వేయడం నేర్పుదాము: ఇది ఆకలియా, దురాశయా?