నెత్తురు ఇచ్చేవారు చెప్పాల్సిన మాట

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ దగ్గర బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. అది హుసేన్ ఖాన్ అనే జ్వరపు మనిషి నెత్తురు తాగిన దోమ. ఒక్కో దోమ కుట్టినందుకు అతనికి ఒక అణా ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటి నుంచి మలేరియా అంటే దోమే. బడిలో మేమూ పిల్లలకు అదే చెబుతాం.

అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. జబ్బు చేసే క్రిమి ఉండేది నెత్తురులో. ఎక్కించిన రక్తంతో, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే, కడుపుతో ఉన్న తల్లి నుంచి బిడ్డకు కూడా అది దాటుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన రక్తంలోనూ రోజుల తరబడి బతుకుతుంది. 1917లో వియన్నాలో వాగ్నర్-యౌరెగ్ అనే వైద్యుడు, సిఫిలిస్ ముదిరి మతి తప్పినవారికి జ్వరం తెప్పించాలని మలేరియా రోగి నెత్తురే ఎక్కించాడు. ఆ వైద్యానికి 1927లో నోబెల్ ఇచ్చారు. ఆ వైద్యంలో మలేరియాతోనే పోయినవారూ ఉన్నారు.

దోమకు ధర్మం తెలియదు. మనిషి నుంచి మనిషికి వచ్చినప్పుడు మాత్రం ధర్మం అడగాలి. జ్వరాల సీమ నుంచి వచ్చిన మనం నెత్తురు ఇవ్వవచ్చా?

మన దేశంలో మలేరియా తగ్గాక మూడు నెలలు ఆగి ఇవ్వాలి. ఇచ్చిన రక్తాన్ని పరీక్షించాలి. కానీ క్రిములు మరీ తక్కువగా ఉంటే పరీక్షకు దొరకకపోవచ్చు. పదేపదే జ్వరం పడినవారికి లోపల క్రిమి ఉన్నా ఒళ్లు కాలదు. అందుకే మన నోటి మాటే మొదటి పరీక్ష. అన్న ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు "నాకు మొన్ననే చలిజ్వరం వచ్చింది" అనడం కష్టం. అయినా చెప్పాలి. మన గూడేల్లో సికిల్‌సెల్ పిల్లలున్నారు. ఆ గుణం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ. ఇద్దరి నుంచీ వస్తే అదే జబ్బు. అలాంటి బిడ్డకు నెత్తురు ఎక్కించాల్సి వస్తుంది, మలేరియా సోకితే ప్రాణం మీదికి వస్తుంది. మనం దాచిన జ్వరం ఆ బిడ్డకే చేరవచ్చు.

అడిగేవారికీ ధర్మం ఉంది. అడగాల్సింది జ్వరం గురించి, తెగ గురించి కాదు. మలేరియా లేని దేశాలు జ్వరసీమల వారినందరినీ కొంతకాలం ఆపగలవు. మన ఏజెన్సీలో అందరినీ ఆపితే ఇచ్చేవారే ఉండరు. కాబట్టి మనకు తెలిసిన భాషలో అడగాలి, బాగా పరీక్షించాలి. జ్వరం వచ్చిందని ఒప్పుకున్నవాడి రోగికి మరోచోటి నుంచైనా రక్తం అందించాలి. నిజం చెప్పినందుకు తనవాళ్లు చనిపోతారనుకుంటే, రేపు ఎవరూ నిజం చెప్పరు.