స్విచ్చి ఎవరిది?

ఊరెళ్ళేటప్పుడు మెయిన్ కట్టేసి వెళ్ళడం మా అత్తగారి నాటి అలవాటు. గ్యాసు, కొళాయి, మెయిన్ చూసుకున్నాకే గడప దాటాలి. మొన్న ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరకు పోతూ అలాగే చేశాను. రెండు రోజులకు ఆదోని తిరిగొస్తే ఎదురింటామె మొహం మాడ్చుకుని ఉంది.

"ఏందక్కా, పోయేటప్పుడు ఒక మాట చెప్పరాదా? వీధంతా నెట్టు లేదు. మా పిల్ల ఉద్యోగం ఇంటర్వ్యూ సెల్లులోనే ఇచ్చింది. సగం మాటలు వినపడనే లేదంట" అంది.

వీధి నెట్టుకూ నాకూ సంబంధం ఏమిటంటారా? ఉందండీ. రెండేళ్ళ కిందట కేబులబ్బాయి వచ్చి, "అక్కా, స్తంభం మీద పెట్టెకు కరెంటు కావల్ల. మీ ఇంట్లోంచి ఒక ప్లగ్గు ఇయ్యండి, నెల డబ్బులొద్దు" అన్నాడు. పది వాట్లనుకున్నా నెలకు ఏడు యూనిట్లు. లాభం నాదే. ఇచ్చేశాను.

పాత ల్యాండ్‌లైను రోజుల్లో ఈ తంటా లేదు. ఎక్స్ఛేంజిలో బ్యాటరీలుండేవి. మాట తెచ్చే రాగితీగే 48 వోల్టుల కరెంటునూ తెచ్చేది. అందుకే ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పటిది గాజుతీగ, వెలుతురు మోస్తుంది, కరెంటు మోయదు. 2017 డిసెంబరులో మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ మొదలయ్యాక ఇంటింటా ఒక పెట్టె వెలిసింది కదా, అది ఆ ఇంటి కరెంటు మీదే బతుకుతుంది. ఆస్ట్రేలియాలోనైతే 2018 నుంచి కొన్ని వీధుల్లో నాలుగిళ్ళ దాకా కలిపి బయట గుంతలో ఒక పెట్టె పెట్టి, దానికి ఆ ఇళ్ళనుంచే రాగితీగ మీద కరెంటు వెనక్కి పంపిస్తున్నారు. అది పద్ధతి ప్రకారం కట్టిన ఏర్పాటు. మాది వసారా గోడకున్న ఒంటి ప్లగ్గు!

"మీటరు నా పేరున ఉంది, బిల్లు నేను కడుతున్నా. నా ఇంటి మెయిన్ నేను కట్టుకుంటే తప్పా? బ్యాటరీ పెట్టుకోవలసింది వాడు" అన్నాను మావారితో.

"చలివేంద్రం పెట్టమని ఎవరూ అడగరు. పెట్టాక కుండ ఖాళీగా ఉంటే దారిన పోయేవాడు ఎవర్ని తిట్టుకుంటాడు?" అన్నారాయన.

"చలివేంద్రానికి కూలి తీసుకోరు."

"నువ్వు తీసుకున్నావుగా!"

నోరు మూతపడింది. అదీగాక, ఆయనకు చెప్పనిది ఇంకొకటుంది. ఆ ప్లగ్గు మీద ఎన్నిళ్ళున్నాయో కేబులబ్బాయి చెప్పలేదు, నిజమే. నేనూ అడగలేదు. అడిగితే ఇరవై అనేవాడేమో. అప్పుడు ఊరెళ్ళిన ప్రతిసారీ ఇరవై ఇళ్ళను తలుచుకోవాలి. తెలియకపోవడమే నాకు హాయి. నెలనెలా మిగిలే డబ్బు మాత్రం ఠంచనుగా తెలుస్తూనే ఉంది! అబద్ధమాడటం తప్పని పిల్లలకు చెబుతాం. అడగకుండా ఊరుకోవడాన్ని ఏమనాలో నాకెవరూ చెప్పలేదు.

ఆ వారమే ఎలక్ట్రీషియన్ను పిలిచి ఆ ప్లగ్గుకు మెయిన్‌తో పనిలేకుండా విడిగా ఒక స్విచ్చి పెట్టించాను. ఖర్చు సగం కేబులబ్బాయి దగ్గర వసూలు చేశాను, అది వేరే సంగతి. ఎదురింటామె మళ్ళీ మామూలుగానే మాట్లాడుతోంది, పెరుగు తోడుకు గిన్నె పట్టుకొస్తోంది. ఆ పిల్ల మాత్రం నేను వాకిట్లోకి వస్తే చాలు, లోపలికి వెళ్ళిపోతుంది.