స్మృతిభ్రంశము – సత్యధర్మము

స్మృతి సంస్కారము వలన కలుగు జ్ఞానమని తర్కసంగ్రహకర్త అన్నంభట్టు చెప్పినాడు. ఆ సంస్కారము మేల్కొనుటకు ఉద్బోధక మొకటి కావలెను. ఏనుగును చూడగా మావటివాడు గుర్తుకు వచ్చుట దీనికి పాఠశాలలలో చెప్పు ఉదాహరణము. వార్ధక్యమున మతి తప్పిన పెద్దలను చూచునపుడు బాల్యమున వల్లించిన ఈ పాఠము నాకు మరల మరల జ్ఞప్తికి వచ్చుచుండును.

వైద్యులు డిమెన్షియా యనియు, పత్రికలవారు చిత్తవైకల్యమనియు పిలుచు ఈ స్థితిని మన కాకుమాను ప్రాంతపు పల్లెలలో ‘చాదస్త’మని త్రోసివేయుట కలదు. ఇది చాదస్తము కాదు, గాలి సోకుటయు కాదు. మెదడునకు వచ్చు వ్యాధి. దీని ముఖ్యభేదమును 1906లో జర్మనీ వైద్యుడు అల్జీమర్ ఒక స్త్రీయందు గుర్తించి వెల్లడించెను. 2023లో ప్రకటింపబడిన అంచనా ననుసరించి మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఇది కలదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, మనోవ్యథ కూడ ఇట్లే కనిపింపవచ్చును. అవి చికిత్సకు లొంగును. కావున గుంటూరు పెద్దాసుపత్రిలోనో, సమీప వైద్యునికో మొదట చూపింపక ఊరకుండుట తగదు.

ఐనను మూలవ్యాధిని పూర్తిగా మాన్పు మందు లేదు. కోపము, అనుమానము, తిరుగులాట కనబడగానే మత్తుమందు కోరుటయు మంచిది కాదు. మతిభ్రమకు వాడు కొన్ని మందులు ఈ వృద్ధులలో మరణాపాయమును పెంచునని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. ముందు కారణము వెదకవలెను. దాహమా? మలబద్ధమా? పంటినొప్పియా? చెవి వినబడకపోవుటయా? చెప్పుకొనలేని బాధ కోపముగా బయటపడును. ఒకటి రెండు దినములలో మతి హఠాత్తుగా మారినచో జ్వరమో, మూత్రదోషమో కావచ్చును. అపుడు వైద్యుని వెంటనే పిలువవలెను.

నిన్నటి మాట పోయినను ఏబదేండ్ల నాటి సంస్కారము చిరకాలము నిలుచును. కుమార్తె పేరు చెప్పలేని తల్లి చేతికి ముగ్గుపిండి నిచ్చినచో చుక్కలు తప్పక పెట్టవచ్చును. మంగళహారతి పాట ఎత్తుకొన్నచో తక్కినది తానే పాడవచ్చును. ‘నేనెవరో చెప్పు చూతము’ అని పరీక్షించుట ఉద్బోధకము కాదు, అవమానము. ‘అత్తయ్యా, నేను మీ చిన్నకోడలిని’ అని మనమే చెప్పవలెను. స్నానము, భోజనము, ఎండపొడలో కొంత నడక నియమిత వేళల జరుగవలెను. సాయంసంధ్యలో కలత పెరుగుట చాలమందిలో కలదు; చీకటి పడకమునుపే దీపములు వెలిగించి టీవీ చప్పుడు తగ్గింపవలెను. కాలువగట్లున్న ఊళ్లలో వాకిలి గడియను మరువరాదు.

ఇక కఠినమైన ప్రశ్న. పదేండ్ల క్రితము గతించిన భర్త పొలము నుండి ఎప్పుడు వచ్చునని ఆమె అడుగును. ‘నాయన పోయి పదేండ్లైనదమ్మా’ యన్నచో ఆమెకది నేటి వార్త. పసుపుకుంకుమలు ఇప్పుడే పోయినట్లు విలపించును. గంటకు మరచి మరల అడుగును. సత్యవ్రతమని కొడుకు మరల అదే చెప్పవలెనా? మహాభారతమున కర్ణపర్వమందలి కౌశికుడు, దాగినవారి జాడను దొంగలకు ఉన్నదున్నట్లు చెప్పియే నరకము పాలయ్యెను. అట్లని ‘రేపు వచ్చు’నని కల్లలాడుటయు నాకు సమ్మతము కాదు, ఆమె గుమ్మమున కూర్చుండి ఎదురుచూచును. ఆమె కోరునది సమాధానమును కాదు, ఆయనను. ‘నాయన మీద బెంగగా ఉన్నదా అమ్మా? పొలము నుండి రాగానే ఆయనకేమి పెట్టేదానివి?’ అని అడిగి ఆమెను చెప్పనీయవలెను. ఇందు అబద్ధము లేదు. ఆమెకు గాయమును లేదు.

మతి తప్పిన తల్లిచేత పొలము కాగితములపై వేలిముద్ర వేయించుకొనువాడు మాత్రము కౌశికుని కథను ఉదాహరింపరాదు. డెల్టా భూముల ధరలు పెరిగిన పిమ్మట ఈ మాట చెప్పక తప్పుటలేదు.

జ్ఞాపకము పోయిన తరువాత ఆమె ఆమెయేనా యని కొందరడుగుదురు. పతంజలి స్మృతిని చిత్తవృత్తులలో నొకటిగా లెక్కించెను గాని ఆత్మగా లెక్కింపలేదు. గాఢనిద్రలో మనకు మన పేరైనను తెలియదు. అంతమాత్రమున ఎవ్వరును మనలను లేనివారినిగా చూడరు.

ఇంతయు చేయునది తరచుగా ఒక్క కోడలే. రాత్రి మూడుమారులు లేచి, తెల్లవారగానే పొయ్యి వెలిగించును. హైదరాబాదు నుండియో, అమెరికా నుండియో ఫోనులో మాతృసేవను బోధించు కుమారులు ఏడాదికొక నెల వచ్చి, ఆ మంచము ప్రక్కన పడుకొని, ఆమెను పుట్టింటికి పంపవలెను. అత్తగారు మొదటి రెండు దినములు కోడలిని వెదకుకొనవచ్చును. పిదప కొడుకు చేతి ముద్దకు అలవాటుపడును.