గురి కన్ను

మారేడ్‌పల్లి,
సికింద్రాబాద్.

బుజ్జీ,

కోచ్ నిన్ను ఎడమచేతి విల్లుకి మారమన్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏడాది సాధన గంగపాలైందని అలిగి కూర్చున్నావట. అలక మానకపోయినా ఒక పని చెయ్యి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, అందులోంచి గోడ గడియారాన్ని చూడు. తరవాత ఒక్కో కన్నే మూసి చూడు. ఏ కన్ను తెరిచి ఉంటే గడియారం సందులోనే నిలుస్తుందో అదే నీ గురి కన్ను. నీకది ఎడమది. కుడిచేత్తో నారి లాగితే బాణం వచ్చేది కుడి కంటి కిందికి, చూసేది మాత్రం ఎడమ కన్ను. 70 మీటర్ల అవతలి టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డకొలత 12.2 సెంటీమీటర్లే. అంత దూరాన కంటికీ చేతికీ పొత్తు కుదరకపోవడం దాగదురా. ఎడమ కంటికి అడ్డు పెట్టుకుని నెట్టుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. నీ వయసుకి మారడమే మేలని నాకనిపిస్తోంది.

అసలు నీ బాధ కన్ను గురించి కాదులే. చెయ్యి మారితే నిన్నగాక మొన్న చేరిన పిల్లల వరసలో, లాగే బరువు తగ్గించిన విల్లు రెక్కలతో, దగ్గర టార్గెట్ ముందు నిలబడాలి. నవ్వుతారని భయం. నవ్వితే నవ్వనీ. నువ్వు రోజూ పేరు తలిచే వెన్నం జ్యోతి సురేఖ నాలుగేళ్ళ ప్రాయంలో కృష్ణానది ఈదిన పిల్ల. ఈతలో అంత పేరొచ్చాక దాన్ని వదిలి, ఓనమాల నుంచి విలువిద్య మొదలుపెట్టింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది.

ఇంకోటి. ఇన్నాళ్ళూ నీ ఎడమచెయ్యి ఖాళీగా లేదు. విల్లుని ముందుకు తోస్తూ, వణక్కుండా నిలిచింది. మెప్పంతా నారి లాగిన చేతికి పోయింది. ఇక లాగడం ఎడమచేతి వంతు, నిలవడం కుడిచేతి వంతు. అలవాటుపడ్డ చేతికి ఊరకుండటమే కష్టం, చూస్తావుగా.

రెండు చేతులా బాణం వేసి, సవ్యసాచినంటూ రీల్ పెడతానన్నావట. పెట్టకు. తిక్కనగారి విరాటపర్వం చదువు. అసలు సవ్యసాచి అర్జునుడు గాండీవాన్ని జమ్మిచెట్టు మీద దాచి, ఏడాదిపాటు బృహన్నలగా ఆడపిల్లలకి ఆటపాటలు నేర్పాడు. కౌరవసేనని చూసి హడలిపోయిన విరాటుడి కొడుకు ఉత్తరుడు, నువ్వు అర్జునుడివైతే నీ పది పేర్లూ చెప్పమంటేనే నోరు విప్పాడు. ఇరుచేతులా విల్లు లాగగలవాడని చెప్పే సవ్యసాచి ఆ పేర్లలో ఒకటి. విన్నది ఆ ఒక్క కుర్రవాడే. వాడికి ధైర్యం చిక్కింది.

ఎడమచేతి హ్యాండిల్ కొనే సంగతి మీ నాన్నతో మాట్లాడాను. పాతది అటకెక్కించొద్దు. సొంత విల్లు కొనుక్కోలేని కుడిచేతి పిల్లలు మీ గ్రౌండ్‌లో ఉంటే కోచ్‌ని అడిగి వాళ్ళలో ఒకరికిచ్చెయ్.

మీ తాతయ్య