పదో మనిషి

పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో తాళం వేసిన మేడలు చాలా ఉన్నాయి. పిల్లలు డాలస్‌లోనో శాన్ హోజేలోనో స్థిరపడ్డారు. పెద్దవాళ్లు వాళ్ల దగ్గరికో హైదరాబాదుకో వెళ్లిపోయారు. ఆ ఇళ్లు చూసిపెట్టడమే నా బతుకుతెరువు. బందరు రోడ్డు నుంచి గుడివాడ దారి చీలే చోటికి దగ్గర్లో నాకొక గది ఉంది. గోడ నిండా మేకులు, మేకులకు తాళాల గుత్తులు. నా దగ్గర తొమ్మిది మంది పనిచేస్తారు.

వాళ్లకేం నేర్పావని ఎవరైనా అడిగితే, గుత్తి చేతికిచ్చానని చెప్పాలి. సెక్యూరిటీ గార్డుకైతే కనీసం 100 గంటలు తరగతిలో, 60 గంటలు పనిచోట శిక్షణ ఇవ్వాలని 2005 నాటి చట్టం కింద కేంద్రం రాసిన నమూనా నియమాలు చెబుతున్నాయి. మావాళ్లు గార్డులు కారు కాబట్టి ఆ గొడవ నాకు లేదు. లేదని తేల్చుకోవడానికి మాత్రం ఓపిగ్గా చదివాను.

మూసిన ఇల్లు డెల్టాలో ఉన్నది ఉన్నట్టు ఉండదు. ఎండలకు నల్లరేగడి నెర్రెలు విచ్చితే ప్రహరీ బీటలు తీస్తుంది. వానలకు తలుపులు ఉబ్బి బిగుసుకుంటాయి. చెద గడప కింద నుంచి మట్టి గీతలు పెట్టుకుంటూ ద్వారబంధం ఎక్కుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగ్గిందా, ప్లేట్లు పోయినట్టే. వాడని మోటారు పట్టేస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. కుర్రాళ్లకు మాత్రం వరసగా కూర్చోబెట్టి చెప్పింది లేదు. చూసి నేర్చుకుంటారులే అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే చూడనిచ్చిందీ లేదు. చెక్క నొక్కి చెద ఎంత దూరం పాకిందో చూసే సమయానికి, పక్కనున్నవాణ్ణి టీ తెమ్మని పంపేవాణ్ణి.

మా కుర్రాడొకడు ఇవన్నీ ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ఒక సాయంత్రం అమెరికా నుంచి ఓనరుగారు వీడియో కాల్‌లో ఉండగా, గోడ చెమ్మ పైకప్పుది కాదని, బాత్రూం పైపుదని వాడే చూపించి చెప్పాడు. నిజమే. పై వారం ఆయన ఫోన్ చేసి, “అన్నయ్యా, ఆ అబ్బాయిని ఒకసారి లైన్లోకి పిలుస్తారా?” అన్నారు. పిలిచాను. వాడు మాట్లాడుతున్నంతసేపూ నా చెవి అక్కడే ఉంది. వాడు నన్ను కాదని ఆయనతో నేరుగా బేరం కుదుర్చుకుంటాడేమోనన్న భయం కొంత. అంతకన్నా ఎక్కువగా, ఆ ఇంటి సంగతి నాకే తెలియాలన్న దుగ్ధ. మర్నాడు వాణ్ణి వేరే ఊరి ఇళ్లకు మార్చాను. దగ్గరవుతుందని చెప్పాను. దగ్గరే, అబద్ధం కాదు.

గట్టిగా నేర్పిన పాఠం ఒక్కటే ఉంది: సెప్టిక్ ట్యాంకులోకి ఎవ్వరూ దిగకూడదు. లోపలి గ్యాసు రెండు పీల్పుల్లో మనిషిని పడేస్తుంది, తీయడానికి దిగినవాడూ లేవడు. రక్షణ పరికరాలు లేకుండా దించితే, 2013 చట్టం ప్రకారం మొదటి నేరానికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ పాఠం చెప్పేటప్పుడు నా గొంతులో వినిపించేది వాళ్ల ప్రాణభయమా, నా జైలుభయమా అని ఒక్కోసారి నాకే అనుమానం.

ఇక ఆదుకోవడం. ఇందులో నాకు మంచిపేరుంది. పిల్లల ఫీజులకు, పెళ్లిళ్లకు, ఆపరేషన్లకు అడ్వాన్సు అడిగితే లేదనను. “బాబాయ్ ఉన్నాడుగా” అని వాళ్లంటుంటే కడుపు నిండుతుంది. అడ్వాన్సు తీరేదాకా మనిషి వేరే పనికి పోడన్న లెక్క కూడా ఆ నిండిన కడుపులోనే ఉంది. పది మంది ఉంటే ఈఎస్‌ఐ కట్టాలి. యజమాని వాటా జీతంలో 3.25 శాతం, అంటే పన్నెండు వేల జీతానికి నెలకు 390 రూపాయలు. నేను సర్దే అడ్వాన్సుల ముందు అదెంత! కానీ ఆ కార్డుతో ఆసుపత్రికి వెళ్లేవాడు నా గది మెట్లెక్కడు.

నిమ్మకూరు వైపు కొత్తగా కొన్ని ఇళ్లు ఒప్పుకున్నాను. ఉన్నవాళ్లకు చేతినిండా పనుంది, ఇంకో మనిషి కావాలి. కూచిపూడి నుంచి ఒకతను వచ్చి అడిగి వెళ్లాడు, పనిమంతుడే. పండగ వెళ్లాక కనబడమన్నాను. పండగ వెళ్లింది. అతను రెండుసార్లు ఫోన్ చేశాడు.