ఊరడిగి అన్నం పెట్టండి

వానలు మొహం చాటేసిన ఏడాది అనంతపురం జిల్లా కుందుర్పి వైపు ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. సెనక్కాయ పంట చేతికి రాదని తేలాక ఇంటికి తాళం పడుతుంది, లేదంటే అవ్వాతాతల దగ్గర పిల్లలు మిగులుతారు. వయసులో ఉన్నవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. అక్కడ పని జరిగేచోట రేకుల షెడ్డు దొరికితే సరే, దొరికేదాకా ఏ బస్టాండులోనో, ఫ్లైఓవరు కిందో పడక. ఇక్కడ ఇల్లూ చేనూ ఇంటిపేరూ ఉన్న మనిషి అక్కడ ఎవరికీ ఏమీ కాడు.

ఈ సంగతి తెలిసిన మనం కళ్యాణదుర్గం బస్టాండులోనో, అనంతపురం రైల్వే స్టేషను బయటో గోనెపట్టా మీద పడుకున్న మనిషిని చూసి జాలిపడి వెళ్లిపోతే ఎలా? ఆయనా ఏదో ఊరివాడే.

భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడి కథ ఉంది. 48 రోజులు తిండీ నీళ్లూ లేక కుటుంబంతో అలమటించిన రాజుకు మర్నాడు పాయసం, నీళ్లు దొరుకుతాయి. తినబోతుంటే ఒకరి తర్వాత ఒకరు ఆకలంటూ వస్తారు. చివరికి ఒక్కరికి చాలే నీళ్లు మిగిలితే, దాహమన్న అంత్యజుడికి వాటినీ ఇచ్చేస్తాడు. ప్రవచనాలు ఎక్కువగా ఈ దానం గురించే చెబుతాయి. నా మనసు మాత్రం అంతకుముందు ఘట్టం దగ్గర ఆగుతుంది. కుక్కలను వెంటబెట్టుకొచ్చిన ఒకడికి మిగిలిన అన్నమంతా పెట్టి, ఆ కుక్కలకూ వాటి యజమానికీ రాజు నమస్కరిస్తాడు. కరువు సీమలో గుక్కెడు నీళ్ల విలువ మనకొకరు చెప్పక్కర్లేదు. ఆ నమస్కారమే మనం నేర్చుకోవాల్సి ఉంది.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి శ్రద్ధతో ఇవ్వమంటుంది, సిగ్గుతో ఇవ్వమంటుంది. సిగ్గుపడాల్సింది ఇచ్చేవాడట! మనం దాన్ని పుచ్చుకునేవాడికి అంటగట్టాం. బండి దిగకుండానే పులిహోర పొట్లం అందిస్తాం, నిద్రపోతున్నవాళ్లను లేపి దుప్పటి కప్పుతూ ఫొటో తీయించుకుంటాం.

ముందు పక్కన కూర్చోండి. ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టే "ఏ ఊరప్పా? తిన్న్యావా?" అనండి. పెద్దావిడైతే "అవ్వా" అనండి. పేరు చెప్పకపోతే గుచ్చి అడగొద్దు. టీ తెప్పిస్తే మీకూ ఒకటి తెప్పించుకుని తాగండి. ఏం కావాలో ఆయన్నే చెప్పనివ్వండి. ఒకరికి చెప్పులు కావాలి, మరొకరికి ఇంటికి ఫోను చేయాలి. ఇంకొకరికి బాత్రూముకు వెళ్లొచ్చేదాకా మూట చూసే మనిషి చాలు. ఆ మూట మనకు చింకిగుడ్డలే. అందులో ఆధార్ కార్డు ఉండొచ్చు, కూతురి ఫొటో ఉండొచ్చు. అడక్కుండా ముట్టుకోవద్దు. వద్దంటే వద్దే.

మతి చెదిరి తిరుగుతున్నవారైతే పోలీసులకు చెప్పండి. అలాంటివారిని కాపాడి వైద్యానికి చేర్చే బాధ్యతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ వాళ్ల మీద పెట్టింది. ఇక తలదాచుకునే చోటు లేనివాళ్ల కోసం నగరాల్లో లక్ష జనాభాకు ఒక్కటైనా రాత్రింబవళ్లు తెరిచి ఉండే ఆశ్రయ కేంద్రం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి కేంద్రానికి దారి చూపించి వదిలేయక వెంట వెళ్లండి. భార్యాబిడ్డలతో ఉన్నవాళ్లు కొందరు రామంటారు. ఆడవాళ్లను ఒకచోట, మగవాళ్లను ఇంకోచోట ఉంచుతారేమోనని భయం. తీసుకెళ్లే ముందే కేంద్రంవాళ్లను ఆ సంగతి అడిగి తెలుసుకోండి.