పని ఆగలేదు, ప్రేమ తగ్గింది



వాక్యభాగం: ప్రకటన గ్రంథం 2:1-7.

ఎఫెసు సంఘం సోమరి సంఘం కాదు. పౌలు మూడేళ్లపాటు కన్నీళ్లతో బోధించిన సంఘం అది (అపొ. కార్యములు 20:31). అక్కడి విశ్వాసులు 50,000 వెండి నాణేల విలువైన మాంత్రిక పుస్తకాలను అందరి ఎదుటా కాల్చివేశారు (19:19). ప్రభువు వారి క్రియలను, కష్టాన్ని, సహనాన్ని మెచ్చుకున్నాడు. అయినా వారి మీద ఒక తప్పు మోపాడు. మొదట ఉన్న ప్రేమను వారు వదిలేశారు.

ప్రియులారా, గమనించండి. పోగొట్టుకున్నారని ఆయన అనలేదు, వదిలేశారన్నాడు. పోయిన వస్తువు ఎక్కడుందో తెలియదు. వదిలేసిన దాని దగ్గరకు మాత్రం తిరిగి వెళ్లవచ్చు. ఈ గద్దింపులోనే మనకు నిరీక్షణ ఉంది.

మన సంగతి చూద్దాం. వారమంతా ఆఫీసు. శుక్రవారం ఇంటి ప్రార్థన. శనివారం పాటల ప్రాక్టీసు. ఆదివారం సౌండ్ సిస్టమ్, స్లైడ్లు, సండే స్కూల్, ఆరాధన తర్వాత అందరికీ భోజనం. ఇవన్నీ కావలసినవే. కానీ ఇవన్నీ ప్రేమ లేకపోయినా సాగిపోతాయి. తాళం తప్పదు, స్లైడు ఆగదు, భోజనం తక్కువ కాదు. మనుషులకు తేడా తెలియదు, ప్రభువుకు తెలుస్తుంది.

మనల్ని మనం పరీక్షించుకుందాం. ప్రసంగం సిద్ధం చేసుకోవడానికే తప్ప బైబిలు తెరుస్తున్నామా? మైకు ముందు తప్ప పాడుతున్నామా? ఎవరూ మెచ్చుకోని ఆదివారం మనసు చిన్నబోతోందా? సాయానికి రాని సహోదరుని మీద మార్త లాగా విసుగు వస్తోందా (లూకా 10:40)?

మన తెలుగు సంఘ చరిత్ర ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. 1836లో శామ్యూల్ డే అమెరికా నుండి తెలుగువారి మధ్యకు వచ్చాడు. ఏళ్లు గడిచినా ఫలం అంతగా కనబడక, ఆ మిషన్ మూసేయాలన్న మాట అమెరికాలో పైకి వచ్చింది. అటువంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారకముందే లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరి కోసం మోకాళ్లూనారు. అక్కడ వేదిక లేదు, చూసేవారు లేరు. 1866లో జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చాడు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్న వారికి పని ఇచ్చాడు. కూలి కోసమో అన్నం కోసమో ఎవరూ రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపివేశాడు. లెక్కలో కలుపుకోకుండానే వారిని పోషించాడు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనుక ఉన్న ఐదుగురి మోకాళ్లను మరిచిపోతాం.

మరి తిరిగి రావడం ఎలా? ప్రభువు మూడు మాటలు చెప్పాడు. మొదటిది, ఎక్కడినుండి పడ్డామో జ్ఞాపకం చేసుకోవాలి. రక్షణ పొందిన తొలి రోజుల్లో ఎలా ప్రార్థించేవారమో గుర్తు చేసుకోండి. రెండవది, మారుమనస్సు పొందాలి. అలసిపోయామని సర్దిచెప్పుకోకుండా, ప్రేమ తగ్గిందని ఆయనతోనే ఒప్పుకోండి. మూడవది, మొదటి క్రియలు మళ్లీ చేయాలి. మనసులో వేడి పుట్టేవరకు ఆగమని ఆయన చెప్పలేదు. ఈ వారం, ఏ బాధ్యతతోనూ సంబంధం లేకుండా, ఆయన కోసమే వాక్యం తెరవండి. ఎవరికీ చెప్పకుండా ఒక ఒంటరి విద్యార్థిని భోజనానికి పిలవండి. కొత్తగా వచ్చిన కుటుంబాన్ని పలకరించండి.

పేతురుకు గొర్రెలను అప్పగించే ముందు ప్రభువు అతని తలాంతు గురించి అడగలేదు. తనను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు (యోహాను 21:15-17). పరిచర్యకు వెళ్లే ముందు ఈ ఆదివారం మనమూ ఆ ప్రశ్నకు జవాబు చెబుదాం.

ప్రభువా, మా చేతుల పనితో పాటు మా హృదయాన్ని కూడా నీకు ఇస్తున్నాం. మా దీపస్తంభాన్ని దాని చోటనుండి తీసివేయకుము. ఆమేన్.